ఎటు తిరిగి పిలవాలి

ఆయన పోయినట్టు నాకు కబురు చేసినవాళ్ళు లేరు. ప్రింటరులో ఇంకు అయిపోతే కొందామని హిందూపురం వెళ్ళాను. పట్టుగూళ్ళ మార్కెట్టు ఎదురుగా టీ తాగుతుంటే, పక్కనున్న రైతు ఒకాయన నా ముఖం వంక చూసి చూసి పలకరించాడు.

"పెనుకొండలో నెట్టు సెంటరు సార్ గదా మీరు? మా ఊరికొచ్చినారు ఒకతూరి."

అవునన్నాను.

"ఆయప్ప పోయినాడు సార్. దినాలు గూడా అయిపాయ. నిద్దర్లోనే పోయినాడు, ఎవురికీ చెప్పకుండా."

అంతే చెప్పి గూళ్ళ బుట్ట ఎత్తుకుని మార్కెట్టులోకి వెళ్ళిపోయాడు. ఎవరికీ చెప్పకుండా అన్న మాటకు నాకు నవ్వు రావలసింది. ఆయన ఏ పని ఎవరికి చెప్పి చేశాడు గనక. నవ్వు రాలేదు. సగం టీ అక్కడే వదిలేసి, ఇంకు కొనే సంగతి మరిచిపోయి బస్సెక్కాను.

పెనుకొండలో రెవెన్యూ ఆఫీసుకు పోయే దారిలో నాదొక చిన్న నెట్ సెంటరు. ఆధార్ తప్పులు, పాసుబుక్కు తప్పులు, పింఛన్లు, సమాచార హక్కు దరఖాస్తులు. వచ్చేవాళ్ళ కష్టాలు వినీ వినీ నాకు ఓపిక తగ్గిపోయింది. ఎవరైనా మొదటి నుంచి మొదలుపెడితే "విషయం చెప్పన్నా, వెనక జనముండారు" అంటాను. గుండె ఉండాల్సిన చోట నీకు ప్రింటరు ఉంది అని నా భార్య ఎప్పుడూ దెప్పుతుంది. అలాంటి నాకు ఆ మనిషి ఎలా అతుక్కున్నాడో ఇప్పటికీ అర్థం కాదు.

మొదటిసారి వచ్చినప్పుడు చెప్పులు బయట విడిచి, చెంబుడు నీళ్ళు అడిగాడు. తాగడానికనుకుని ఇచ్చాను. కాళ్ళు కడుక్కున్నాడు. నా అంగట్లోకి కాళ్ళు కడుక్కుని వచ్చిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు. గుమ్మంలోనే ఆగి గాలి పీల్చి, "ఊదుబత్తి ఆర్పేస్తావా తమ్ముడూ?" అన్నాడు.

"నీకేమన్నా ఆయాసమా అన్నా?"

"నాకేం లేదు. గుడ్డలకు వాసన పట్టుకుంటాది. ఇంటికి పోయి పురుగుకు ఆకెయ్యాల."

హిందూపురం పక్కన, పరిగి దగ్గర ఆయన ఊరు. పట్టుపురుగులు పెంచే రైతు. ఆ పని చేసేవాళ్ళ తీరే వేరు. పురుగులుండే ఇంట్లోకి పరాయివాళ్ళను రానివ్వరు. పొగ పడదు, పౌడరు పడదు, తాలింపు ఘాటు పడదు. పంట ఎట్లుందని ఎవరడిగినా, గూళ్ళు బుట్టల్లోకి దిగేదాకా బాగుందనీ చెప్పరు, బాగాలేదనీ చెప్పరు. "ఉండాది" అంటారు. ఆయన బతుకంతా ఆ ఇంట్లోనే గడిచింది గనక, బయట కూడా అలాగే మెలిగేవాడు. గొంతు ఎప్పుడూ తగ్గించే మాట్లాడేవాడు. గట్టిగా అరిస్తే పురుగు బెదురుతుందని నమ్మకం. నా అంగట్లో బెదరడానికి నేను తప్ప ఎవరూ లేరు. అయినా ఆయన చెప్పేది వినడానికి నేనే ముందుకు వంగాల్సి వచ్చేది.

సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టాలన్నాడు. ఆన్‌లైన్లో పెట్టాలంటే ఫోనుకు ఒక నంబరు వస్తుంది. అది చెప్పమంటే ఫోను పంచె మడతలో దాచుకున్నాడు.

"ఎవురికీ చెప్పకూడదంట గదా. బ్యాంకులో చెప్పిరి."

"నేను ఎవరో కాదన్నా, నీ దరఖాస్తు రాసేవాణ్ణి."

"నువ్వైనా సరే."

కుర్చీ దగ్గరికి లాక్కుని, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక్కో అంకె వెతుక్కుంటూ తనే కొట్టాడు. ఈలోగా గడువు దాటి ఇంకో నంబరొచ్చింది. మళ్ళీ అదే తంతు. వెనక నిలబడ్డవాళ్ళు గొణుగుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మనిషి మీద ఇష్టం పుట్టింది కూడా ఆ రోజే.

దరఖాస్తులో ఆయన అడగదలచుకున్నది ఒక్కటే. తన కొడుకు ఏ ఊళ్ళో చనిపోయాడు?

అప్పుడు నేను తల ఎత్తి ఆయన ముఖం సరిగ్గా చూశాను.

కొడుకు సైన్యంలో ఉండేవాడు. ఒకరోజు ఫోను చేసి, "నాయనా, బయటి దేశం డ్యూటీ పడింది. యాడనేది అడగొద్దు, చెప్పకూడదు" అన్నాడట. ఈయన అడగలేదు. పురుగింటి మనిషికి ఆ మాట కొత్తేమీ కాదు. ఆ తరువాత గూళ్ళు తీసుకుని హిందూపురం పోయినప్పుడల్లా మార్కెట్టులో అందరూ అడిగేవాళ్ళు. "మీవోడు యాడుండాడప్పా ఇప్పుడు?" అంటే, "చెప్పకూడదు" అనేవాడు. తెలియదు అనలేదు. అక్కడే వచ్చింది చిక్కు. ఈయనకు అంతా తెలుసుననీ, దేశం కోసం నోరు కట్టుకున్నాడనీ జనం అనుకున్నారు. ఒకరు ఆ దేశం పేరంటారు, ఇంకొకరు ఈ దేశం పేరంటారు. ఈయన గమ్మున నవ్వుతాడు. టీ బంకు దగ్గర బెంచీ మీద జరిగి చోటిచ్చేవాళ్ళట. మార్కెట్టులో ఆయనకు అలాంటి మర్యాద అంతకుముందెప్పుడూ జరగలేదు.

ఇంట్లో భార్య అడిగినా అదే జవాబు.

"ఆమెకన్నా తెలియదని చెప్పొచ్చు గదన్నా" అన్నాను ఒకసారి, కోపంగానే.

"తెల్దంటే భయపడుతుంది తమ్ముడూ. నాయనకన్నా తెలుసులే అని ధైర్యంగా ఉండె. నిద్రన్నా పోతాండె."



తరువాత పెట్టె వచ్చింది. మూసిన పెట్టె. దాని వెంట ఒక పెద్దాఫీసరూ, మన భాష తెలిసిన కుర్ర సిపాయి ఒకడూ వచ్చారు. సిపాయిది ధర్మవరం. మర్యాదలన్నీ జరిగాయి. చివర్న ఆ ఆఫీసరు, ఏమైనా అడగదలచుకున్నారా అని సిపాయి చేత అడిగించాడు. ఊరంతా అక్కడే ఉంది. మార్కెట్టువాళ్ళు ఉన్నారు. భార్య గోడకు ఆనుకుని ఈయన నోటి వంకే చూస్తోంది. ఇన్నాళ్ళూ తెలిసినవాడిలా తిరిగినవాడు, అప్పుడు ఎక్కడ పోయాడయ్యా నా కొడుకు అని ఎలా అడుగుతాడు? ఏమీ లేదన్నట్టు తలూపాడు.

"ఆ పొద్దు అడిగింటే చెప్పుందురేమో" అనేవాడు నా దగ్గర. వచ్చిన ప్రతిసారీ ఆ మాట ఒకసారి అని గానీ లేచేవాడు కాదు.

చేతికిచ్చిన కాగితాల్లో 'ఒక మిత్రదేశంలో, విధి నిర్వహణలో' అని మాత్రమే ఉంది.

"మిత్రదేశమంటే యాదప్పా?"

"మనతో స్నేహంగా ఉండే దేశం."

"అట్లాంటివి శానా ఉంటాయా?"

"ఉంటాయి."

"స్నేహితుని ఇంటికి పోయినోడు, యా ఇంటికి పోయినాడో చెప్పకూడదా?"

హిందూపురంలో లేని నెట్ సెంటర్లా అని నేను అడగాల్సిన పని లేకుండా పోయింది. ఆ ఊళ్ళో ఆయన తెలిసినవాడు. తెలియదని ఒప్పుకోవడానికి, తననెరగని పెనుకొండ దాకా వచ్చాడు.

ఊరి పేరుతో ఆయనకేం పని? అక్కడికి పోయేది లేదు, చూసేది లేదు. నేను అదే అడిగాను. వాళ్ళింట్లో తరతరాలుగా ఒక పద్ధతి ఉంది. ఊరు కాని ఊళ్ళో పోయినవాళ్ళను, శవం ఇంటికొచ్చినా సరే, ప్రాణం పోయిన చోటు నుంచి ఇంటికి పిలుచుకుంటారు. తండ్రి గానీ, ఇంటి పెద్ద గానీ పొలిమేరలో నిలబడి, చెంబుడు నీళ్ళూ ఆకులో అన్నం ముందు పెట్టుకుని, మనిషి పోయిన దిక్కుకు తిరిగి పేరు పెట్టి పిలవాలి. పిలిచి, వెనక్కి చూడకుండా ఇంటికి రావాలి. పోయినవాడు వెంట వస్తాడు. అప్పటి నుంచే ఇంట్లో పెద్దలకు పెట్టేటప్పుడు అతనికీ పెడతారు. ఈయన చిన్నాయన బొంబాయిలో పోతే అటు తిరిగి పిలిచారట. తప్పు దిక్కుకు పిలిస్తే మాత్రం బిడ్డ ఆ గొంతు వెదుక్కుంటూ ఇంకా దూరం పోతాడు. అందుకని ఈయన పిలవలేదు. ఏండ్లు గడుస్తున్నాయి. పండగొస్తే అందరికీ ఆకులు వేస్తారు, ఆ పిల్లవాడికి మాత్రం వేయరు.

ఇలాంటివి నేను నమ్మను. కానీ ఆ దరఖాస్తు రాసినంత జాగ్రత్తగా నేను ఏ దరఖాస్తూ రాయలేదు.

జవాబు వచ్చింది. దేశ భద్రత దృష్ట్యా, విదేశీ సంబంధాల దృష్ట్యా, కోరిన సమాచారం ఇవ్వడానికి వీలుపడదు. చదివి వినిపించి, నాకు తోచిన నాలుగు మాటలూ అన్నాను. ఆయన నన్ను మందలించాడు.

"అట్లనొద్దు. చెప్పకూడదంటే చెప్పకూడదు గదా. నేను మాత్రం పురుగింట్లోకి ఎవుర్నన్నా రానిస్తానా?"

"నీ పురుగులూ నీ కొడుకూ ఒకటేనా?"

వెళ్ళబోతూ, చెప్పులేసుకుంటూ అన్నాడు.

"అయినా తమ్ముడూ, గూళ్ళు దిగేదాకనే దాచేది. దిగినాక బుట్ట బజార్న పెడతాం. ఎవరన్నా రావొచ్చు, చెయ్యి పెట్టి చూడొచ్చు. నా పంట దిగిపాయ గదా. ఇంగా ఏముండాది దాచేకి?"

ఆ మాట అలాగే అప్పీలులో పెట్టాలనుకున్నాను. పెట్టే దారి తెలియలేదు.

అప్పీలు విచారణ ఫోనులోనే జరిగింది, నా అంగట్లో. అటువైపు మాట్లాడినాయనది మర్యాద గల గొంతు. గట్టిగా మాట్లాడమని అడుగుతూనే ఉన్నాడు. ఈయన గొంతు లేవదు. నేను మధ్యలో హిందీలో చెబుతూ వచ్చాను. ఈ సమాచారం మీకెందుకు అవసరమో కారణం చెప్పక్కర్లేదు, కానీ చెప్పదలిస్తే చెప్పండి అన్నాడాయన.

"నా బిడ్డను పిలుచుకోవాల సార్" అన్నాడు ఈయన.

అది హిందీలోకి మార్చడానికి నాకు కొంచెం సేపు పట్టింది. అటువైపాయన, మీ బాధ మాకు అర్థమవుతుంది, కానీ నిబంధనలు ఒప్పుకోవు అన్నాడు. నిజంగానే బాధపడుతున్నట్టు ఉంది ఆ గొంతు. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది. కసురుకునేవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

ఇక మిగిలింది ధర్మవరం కుర్రవాడు. సెలవు మీద వచ్చాడని తెలిసి ఇద్దరం ప్యాసింజరు బండిలో వెళ్ళాం. కిటికీ దగ్గర కూర్చోబెట్టినా ఆయన బయటికి చూడలేదు. ఎదురు సీటులో ఒకామె మల్లెపూలు పెట్టుకుని కూర్చుంటే, లేచి తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఆ సమయంలో కూడా ఇంటి దగ్గర పురుగు ఆయన మనసులో ఉంది.

మగ్గం పెట్టుకున్న ఇల్లు. మేం వెళ్ళేసరికి కుర్రవాడి తండ్రి చీర నేస్తున్నాడు. విషయం తెలియగానే మగ్గం ఆపి, పోయి తలుపు దగ్గర నిలబడ్డాడు. కాఫీలు వచ్చాయి. ఎవరూ తాగలేదు.

"నేనింకా సర్వీసులో ఉండాను పెద్దనాయనా" అన్నాడు కుర్రవాడు, ఈయన నోరు తెరవకముందే.

"తెలుసు నాయనా. ఊరి పేరు చెప్పొద్దు. దేశం పేరూ వద్దు. యాపక్కకో అంత చెప్పు. ఇంగేమీ అడగను."

కుర్రవాడు తండ్రి వంక చూశాడు. తండ్రి తల అడ్డంగా ఊపాడు. ఆయన్ని తప్పుపట్టలేను. ఒక్క కొడుకు, ఒక్క జీతం. ఆయన స్థానంలో ఉంటే నేనూ అలాగే ఊపేవాణ్ణి.

"అదొక్కటీ అడగొద్దు పెద్దనాయనా" అంటూ కుర్రవాడు ఏడ్చేశాడు. "నేను పక్కనే ఉంటిని. అంత మాత్రం చెప్తా."

"పక్కనే ఉంటివా?"

"ఉంటిని."

"నీళ్ళడిగెనా?"

"అడిగె. నేనే తాపిస్తిని."

ఆయన లేచి ఆ కుర్రవాడి తల మీద చెయ్యి పెట్టాడు. "చాలు నాయనా. నువ్వు బాగుండు" అని బయటికి వచ్చేశాడు. నేను ఆ ఇంట్లో ఇంకొంచెం సేపు నిలబడి ఉంటే నా నోటి నుంచి ఏం మాట వచ్చేదో. ఆయన వెనకే నడిచాను.

తిరుగు బండిలో, "మంచి పిల్లోడు. నోరు జారలేదు చూడు" అన్నాడు, తన కొడుకునే మెచ్చుకుంటున్నట్టు. పెనుకొండ దగ్గరపడుతుండగా, కొండ కనిపించే చోట, "చెప్పుంటే బాగుండె" అన్నాడు.

ఆ తరువాత కొంతకాలం రాలేదు. వచ్చినప్పుడు మనిషి చిక్కిపోయి ఉన్నాడు. దగ్గు. ఈసారి దరఖాస్తు కోసం రాలేదు. భార్య పట్టుబట్టిందట. "నాకు చెప్పొద్దులే. మీ రాజ్యాలు మీరే ఏలుకోండి. నీకు తెలుసు గదా యాడ పోయినాడో. నువ్వు పోయి పిలుచుకొనిరా. నేను సచ్చేలోపల వానికి ఒక ఆకు వేస్తా" అన్నదట. ఇంతకాలం ఏదో ఒక సాకు చెబుతూ వచ్చాడు. ఇక సాకులు అయిపోయాయి.

"నువ్వు రా తమ్ముడూ తోడుగా. ఆడ నిజం తెలిసినోడు ఒకడన్నా ఉండాల."

వెళ్ళాను. పొద్దున్నే పొలిమేరలో జనం గుమిగూడారు. సైన్యంలో పోయిన పిల్లవాణ్ణి పిలుస్తున్నారని మార్కెట్టు నుంచి కూడా నలుగురైదుగురు వచ్చారు. ఆమె ఆకులో అన్నం పెట్టి, చెంబు ఆయన చేతికిచ్చి, పక్కకు తప్పుకుంది. ఆయన పడమటికి తిరిగాడు. చాలాసేపు నిలబడ్డాడు. తరువాత కొడుకును పేరు పెట్టి పిలిచాడు.

ఆ మనిషికి అంత గొంతుందని నాకు తెలియదు. గొర్రెల వెనక పోతున్నవాళ్ళు దూరాన ఆగిపోయారు. "ఇంటికి రా నాయనా! బువ్వ పెట్టినాం, రా!"

ఇక వెనుదిరిగి ఇంటికి నడవాలి. ఆయన నడవలేదు. ఉత్తరానికి తిరిగాడు. మళ్ళీ పిలిచాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "తప్పప్పా, అట్ల పిలవకూడదు" అన్నాడొక ముసలాయన. వినిపించుకోలేదు. తూర్పుకు తిరిగి పిలిచాడు. ఈసారి పేరు సగంలోనే గొంతు పగిలిపోయింది. దగ్గు తెర వచ్చి వంగిపోయాడు.

ఆమె దగ్గరికొచ్చింది.

"ఏమిట్ల పిలుస్తాండావు? వాడు పోయింది యాపక్క?"

ఆయన ఆకులో అన్నం వంక చూశాడు.

"నీక్కూడా తెల్దా?"

"తెల్దు."

"ఎప్పట్నించి?"

"ఎప్పుడూ తెల్దు."

మార్కెట్టువాళ్ళు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆమె అరుస్తుందనుకున్నాను. ఇన్నేళ్ళు నన్ను మోసం చేస్తివే అని దుమ్మెత్తి పోస్తుందనుకున్నాను. అరిచినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఆమె కొంగుతో ఆయన ముఖం తుడిచింది. చేతిలోంచి చెంబు తీసుకుంది. దక్షిణం వైపు ఇంకా ఎవరూ పిలవలేదు. అటు తిరిగి ఆమే పిలిచింది.